నడచు చుక్కల ముగ్గు

పెండ్లి యూరేగింపు మా వీథి మలుపు తిరిగినదని చెవినిబడగానే, చేతిలోని పలకను అరుగుమీదనే విడిచి, అమ్మ పిలుపును లక్ష్యపెట్టక, పెట్రోమాక్సు దీపములను నెత్తిన మోయు కూలీల నడుమనుండి దూరి, బ్యాండు మేళమువారి పెద్ద డ్రమ్ము ప్రక్కకు చేరి, దానిపై పడు ప్రతి దెబ్బయు నా ఱొమ్ములోపల మారుమ్రోగుచుండగా విడిదియింటి వరకును నడచిపోయిన బాలుడను నేను. తెనాలిలో అరువది యేండ్ల క్రిందట నన్ను పట్టుకొనిన ఆ వ్యామోహము నేటికిని విడువలేదు. జనవరి 29వ తేదీ సాయంకాలమున ఢిల్లీలోని విజయ్ చౌక్‌నందు సైనిక వాద్యబృందములు జరుపు బీటింగ్ రిట్రీట్ ఉత్సవమును టెలివిజను ముందు కదలక కూర్చుండి చూచునపుడు మా యింట ఎవ్వరును నన్ను పలుకరింపరు. బంధువుల పెండ్లిండ్లలో భోజనపు పంక్తికంటె ముందు మేళమువారున్న చోటును వెదకుకొని పోవుట నా అలవాటు. నేను సంగీతజ్ఞుడను కాను. నాకున్న స్వరజ్ఞానము స్వల్పము. నడచు మనుష్యులు కలిసి వాయించు వాద్యముపట్ల మాత్రము నాకు తీరని దాహము కలదు.

ఇట్టి దాహము గలవారికి అమెరికాలోని ఇండియానాపోలిస్ నగరము తీర్థస్థలము వంటిది. యువకుల కవాతు బ్యాండులకు అచ్చట ఆగస్టు మాసమున తుదిపోటీలు జరుగును. ఆ సంగతి చాలకాలమునుండి తెలిసియున్నను, కన్నులార చూచు భాగ్యము నాకు 2024లో లభించినది. మా అమ్మాయి ఒహాయో రాష్ట్రమందలి కొలంబస్‌లో కాపురమున్నది. ఆమె కుమారుడు అచ్చటి ఉన్నత పాఠశాల బ్యాండులో మెలొఫోను వాయించుచున్నాడు. ఫ్రెంచి హారన్ వాద్యమును నడచుచు వాయించుటకు వీలుగా, దాని నోరు ముందువైపునకు తిరిగియుండునట్లు మలచినచో ఎట్లుండునో అట్టిది ఆ వాద్యము. ఆగస్టు 10వ తేదీ, శనివారమునాడు, అల్లుడు కారు నడుపగా నేనును, నా భార్యయు, అమ్మాయియు, మనుమడును బయలుదేరితిమి. పడమరగా సాగు ఆ రాజమార్గమునకు ఇరువైపులను మూడు గంటలసేపు మొక్కజొన్న, సోయాచిక్కుడు చేలు తప్ప వేరొకటి కంటబడలేదు. ఇంత పంటలో ఒక్క మనిషియైన కానరాడేమని నా భార్య ఆశ్చర్యపడుచుండగా, మనుమడు వెనుక సీటున ఒదిగి కూర్చుండి, కన్నులు మూసికొని, మోకాలిమీద మూడు వ్రేళ్ళతో లేని మీటలను నొక్కుచునే యుండెను.

ఈ పోటీని నడుపు సంస్థ పేరు డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్. దీని మొదటి తుదిపోటీ 1972లో విస్కాన్సిన్ రాష్ట్రమందలి వైట్‌వాటర్ అను చిన్న యూరిలో జరిగెను; కాలిఫోర్నియానుండి వచ్చిన అనహైమ్ కింగ్స్‌మెన్ అను దళము ఆ యేడు గెలుపొందెను. కాని యీ విద్య వేళ్ళు అంతకంటె లోతైనవి. మొదటి ప్రపంచయుద్ధము ముగిసి ఇండ్లకు మరలిన సైనికులు తమ తమ యూళ్ళలో సంఘములుగా నేర్పడి, సైన్యములో తమకు అలవడిన బ్యూగిళ్ళను డ్రమ్ములను వీథిలోని పిల్లల చేతికిచ్చి కవాతు నేర్పిరి. వారితోపాటు చర్చిలును, స్కౌటు దళములును, పోలీసువారి బాలుర క్లబ్బులును ఆ పనికి పూనుకొనినవి. మాడిసన్ స్కౌట్స్ అను దళము 1938లో స్కౌటు బాలురతో మొదలైనది. ఒహాయోలోని కాంటన్ పట్టణమున 1972లో వెలసిన బ్లూకోట్స్ దళమునకు ఆ పేరు పోలీసువారు తొడుగు నీలికోటునుండి వచ్చినది. సంగీత కళాశాలలు వీనిని కనలేదు. ధనికుల వినోదశాలలు పెంచలేదు. సాయంకాలమున వీథిలో ఊరక తిరుగు కుర్రవాని చేతికి ఒక పనియు, వాడు నిలుచుటకు ఒక చోటును కల్పింపవలెనని కొందరు పెద్దలు తలచిరి. ఆ తలంపునుండి ఇవి పుట్టినవి. ఈ యొక్క సంగతిని పాఠకులు మనసున నుంచుకొనవలెనని ప్రార్థించుచున్నాను. మరల దీనియొద్దకే రావలసియున్నది.

ఒక్కొక్క దళమున నూటయేబదిమందికి పైగా యువతీయువకులుందురు. వేసవి ఆరంభమునకు 22 ఏండ్లు నిండినవారికి చోటు లేదు. క్లారినెట్టు, వేణువు వంటి వాద్యములకు ప్రవేశము లేదు; ఇత్తడి బాకాలు, భుజమునకెత్తుకొని మోయు పెద్ద ట్యూబాలు, రకరకముల డ్రమ్ములు, మైదానపు అంచున నిలిపి వాయించు మారింబా వంటి వాద్యములు, వీనికి తోడు జెండాలను, కొయ్య తుపాకులను, కత్తులను గాలిలోనికి విసరి పట్టు నర్తకబృందము: ఇదియే పరివారము. వేసవి యంతయు రాత్రులు బస్సులలో ప్రయాణము, పగలెల్ల ఎండలో సాధన, సాయంకాలము ఏదో యొక ఊరిలో ప్రదర్శన, పిదప ఏదో యొక పాఠశాలలోని వ్యాయామశాల నేలపై నిద్ర. పెద్ద లారీలో నమర్చిన వంటయింట తల్లిదండ్రులే వంతులు వేసికొని వండి వడ్డింతురు. ఈ శ్రమ యంతయు పదునొకండు పండ్రెండు నిమిషములలో ముగిసిపోవు ఒకే యొక ప్రదర్శనము కొఱకు!

పోటీకంటె ముందు మనుమడు మమ్ములను స్టేడియము బయట, బస్సులు నిలుపు తారు నేలమీదికి తీసికొనిపోయెను. ఆ చోటును గూర్చి ఎంత వ్రాసినను నాకు తనివితీరదు. దళములు లోనికి పోకముందు అచ్చటనే వేళ్ళు వెచ్చచేసికొనును. ఎవరైనను పోయి పదియడుగుల దూరమున నిలిచి వినవచ్చును. అడ్డుతాడు లేదు, టిక్కెట్టు లేదు. తొమ్మండుగురు సైడ్ డ్రమ్మువారు విల్లువలె వంగిన వరుసగా నిలిచియుండిరి. నడుమనున్న బాలుడు కఱ్ఱతో డ్రమ్ము అంచుమీద నాలుగు మారులు తట్టెను. అంతే, తొమ్మిది జతల కఱ్ఱలు లేచినవి, కాని వినబడినది ఒక్క డ్రమ్ము. బియ్యపు గింజలను పళ్ళెముమీద జల్లినట్లు సన్నగా మొదలైన ఆ మ్రోత క్రమముగా చిక్కబడి, వడగండ్ల వానయై, ఒక్కసారిగా తెగిపోయినది. తెగినపుడు సైతము తొమ్మిదియు కలిసియే తెగినవి. నాకు మిక్కిలి విస్మయము కలిగించినది ఆ నిశ్శబ్దము. కలిసి వాయించుట నేర్పవచ్చును. అంత కలిసికట్టుగా ఊరకుండుట నేర్చినవారిని నేనంతకుమున్ను చూచి యెరుగను. ఆ బాలుర వ్రేళ్ళకు పట్టీలు చుట్టియున్నవి, మెడలు ఎండకు కమిలి ఎఱ్ఱబారియున్నవి, మేజోళ్ళు దిగిన చోట కాలిచర్మము రెండు రంగులుగా చీలియున్నది. మా తెనాలి మేళములో సైడ్ డ్రమ్ము వాయించువాని బొటనవ్రేలి మొదట గట్టిపడిన కాయను చిన్ననాడు నేను తాకి చూచితిని. ఆ కాయ నాకు అచ్చట జ్ఞప్తికి వచ్చెను.

లూకస్ ఆయిల్ స్టేడియము చాల పెద్దది. మేము పైయంతస్తున, నట్టనడుమ కూర్చుంటిమి. క్రింద కూర్చుండినచో ముఖములు కనబడును గాని ఆకృతులు కనబడవని మనుమడు ముందుగనే చెప్పి ఆ టిక్కెట్లు కొనిపించెను. మొదటి దళము లోనికి వచ్చి, గజముల గీతలు గీసిన ఆ పచ్చని మైదానమున చెల్లాచెదరుగా నిలిచి, అట్లే నడచుచు వలయమై, వలయము విచ్చుకొని రెండు పాయలై, ఆ పాయలు ఒకదానిలోనుండి ఒకటి దూరి జడవలె పెనవేసికొనిపోవుచుండగా, నేను నోరు తెరచి చూచుచున్నాను. నా భార్యకు బ్యాండుపై నాకున్నంత మక్కువ ఎన్నడును లేదు. నాకొఱకే ఆమె వచ్చినది. ఆమె నా మోచేతిని తట్టి, "ఏమండీ, ఇది ముగ్గేనండీ. చుక్కలే లేచి నడుస్తున్నాయి" అనెను. ప్రక్కనున్న మనుమడు త్రుళ్ళిపడి, "అమ్మమ్మా, మేమూ దాన్ని డాట్ అనే అంటాం!" అని కేకవేసెను.

వాడు చెప్పినది నిజము. ప్రదర్శనములో ఎన్నవ లెక్కకు ఏ గీతనుండి ఎన్ని అడుగుల దూరమున తాను నిలువవలెనో ప్రతి వాదకుడును ఒక చిన్న పుస్తకమున వ్రాసికొని నడుమునకు కట్టుకొని వల్లెవేయును. ఆ స్థానమునకు వారు పెట్టుకొనిన పేరు చుక్క అనియే. అయిదు గజములకు ఎనిమిది అడుగులు వారి కొలత. అనగా అడుగునకు ఇరువదిరెండున్నర అంగుళములు, పొట్టివానికైనను పొడుగువానికైనను అదే కొలత. ధనుర్మాసపు తెల్లవారుజామున చన్నీళ్ళు చల్లిన వాకిట ఇరువదియొక్క చుక్కల ముగ్గును ఏ కాగితము చూడక వేయగల నా భార్యకు ఆ రాత్రి నాకంటె ఎక్కువ కనబడినది. ఇదిగో ఈ మూల ఖాళీగా వదలినారు, ఆ చివరి వరుస వచ్చి ఇచ్చటనే కలియవలెను అని ఆమె ముందుగా చెప్పుటయు, నాలుగు లెక్కలలో వారు వచ్చి అచ్చటనే కలియుటయు రెండుమూడు పర్యాయములు జరిగినవి. మా మనుమడు తన మాష్టారి మాటకంటె శ్రద్ధగా అమ్మమ్మ మాట వినజొచ్చెను.

చూచువారికి అంతుపట్టని కష్టము మరియొకటి ఇందులో కలదు. ఆ మైదానము పొడవు నూరు గజములు, అనగా సుమారు 91 మీటర్లు. ధ్వని సెకనునకు దాదాపు 340 మీటర్లు మాత్రమే పయనించునుగదా. కాబట్టి ఒక కొసనుండి బయలుదేరిన దెబ్బ రెండవ కొసకు చేరుటకు సెకనులో నాల్గవ పాలునకు మించి పట్టును. నిమిషమునకు నూటయెనుబది దెబ్బల వేగమున వాయించునపుడు దెబ్బకును దెబ్బకును నడుమ నుండు వ్యవధి సెకనులో మూడవ పాలే. అనగా తన చెవిని నమ్మి వాయించినవాడు దాదాపు ఒక దెబ్బ వెనుకబడిపోవును. అందుచేత దూరమున వినవచ్చు స్వరము ఎంత మధురమైనను దానిని అనుసరింపక, ఎత్తైన మంచెపై నిలిచి చేతులూపు నాయకుని చేతినే కంటితో పట్టుకొని, పాదమును దానితో కలిపి నడువవలెను. నడచుటలోను మర్మము గలదు: ముందునకు పోవునపుడు మడమ మొదట ఆని పాదము మెల్లగా మునివ్రేళ్ళవరకు దొరలవలెను, వెనుకకు పోవునపుడు మునివ్రేళ్ళమీదనే నడువవలెను. అట్లు నడువనిచో అడుగడుగునకు ఒడలు కుదిలి ఊపిరి తెగును, ఊపిరితో స్వరమును తెగును. నిండు కడవను నెత్తినిడుకొని గట్టు దిగి వచ్చు మన పల్లెపడుచుల నడుము పైభాగము ఎంత నిశ్చలముగా నుండునో, పరుగువంటి నడకలో వీరి భుజములు అంత నిశ్చలముగా నుండుట చూచితిని.

తుదిపోటీకి చేరునవి పండ్రెండు దళములు. మొత్తము నూరు మార్కులు. సమగ్రముగా కలుగు అనుభూతికి 40, కంటికి కనబడు విన్యాసమునకు 30, సంగీతమునకు 30. ఆ రాత్రి జనము దిగ్గున లేచి నిలిచి స్వాగతమిచ్చిన దళములలో కాలిఫోర్నియాకు చెందిన శాంటాక్లారా వాన్‌గార్డ్ ఒకటి. 1967లో పుట్టిన ఆ సుప్రసిద్ధ దళము ధనాభావముచేత 2023లో పోటీ మానుకొని, ఆ యేడు మరల నిలదొక్కుకొని వచ్చినది. గెలుపు మాత్రము మా యమ్మాయి యుండు రాష్ట్రపు బ్లూకోట్స్‌ను వరించినది. 2016లోని మొదటి గెలుపు తరువాత వారికిది రెండవ విజయము. మనుమడు ఎగిరి గంతులు వేసెను. నా మనసులోని మాట దాపరికము లేక చెప్పవలెనన్నచో, ఇటీవలి యేండ్లలో నియమములు సడలించి చేర్చిన విద్యుత్ వాద్యములును, లౌడుస్పీకర్లనుండి వెలువడు ఆ కృత్రిమమైన గుమగుమధ్వనియు నాకు రుచింపలేదు. బాకాలవారందరి ఊపిరితిత్తులు ఒక్కమారుగా నింపిన స్వరము చాలదా? ఎనుబదిమంది వాదకులు బాకాల నోళ్ళను ఒక్కసారిగా మావైపు త్రిప్పి వదలిన ఆ తుది స్వరము మా యొడలికి తాకినపుడు, ఏ యంత్రమును ఎన్నడును ఇయ్యలేనిదేదో ఆ ప్రాంగణమంతయు నిండినది. నా భార్య కన్నులు తుడుచుకొనినది. ఎందులకని నేనడుగలేదు.

అప్పుడు నేను మా అమ్మాయివైపు చూచితిని. ఆమె ముందు సీటు అంచుమీద రెండు చూపుడువ్రేళ్ళతో ఏదియో వాయించుచున్నది. మైదానములో వాయించుచున్నది కాదు, వేరొకటి. కొంతసేపటికి గుర్తించితిని. ఆగస్టు 15న మా యూరి పాఠశాల మైదానములో జెండా ఎగురవేయకముందు పిల్లల బ్యాండు వాయించు కవాతు దరువు అది. ఆమె యెనిమిదవ తరగతిలో ఆ బ్యాండున సైడ్ డ్రమ్ము వాయించినది. తెల్లని దుస్తులు, నెత్తిన ఎఱ్ఱని కుచ్చు, మోకాలికి తగులుచు ఒరసికొనిపోవు ఆ డ్రమ్ము. తొమ్మిదవ తరగతిలోనికి పోగానే బ్యాండునకు వెచ్చించు గంటను చదువునకు మళ్ళింతుమనియు, సమ్మతించు తల్లిదండ్రులు సంతకము చేయవలెననియు పాఠశాలవారు ఒక కాగితము పంపిరి. బ్యాండు వెంట ఊరంతయు తిరిగిన నేను, ఒక్క నిమిషమైనను ఆలోచింపక సంతకము చేసితిని. అందరు తండ్రులును చేసిరి. డ్రమ్ములను సామాను గదిలో పెట్టి తాళము వేసిరి. పిల్ల ఏడ్వలేదు, ఎదురాడలేదు. మంచి మార్కులు తెచ్చుకొనినది, పై చదువులు చదివినది, దేశాంతరము వచ్చినది. ఇన్ని యేండ్ల తరువాత ఆ మహాజన సమ్మర్దములో ఆమె నావైపు తిరిగి, కోపమేమియు లేని గొంతుతో, "ఆ డ్రమ్ములు ఇంకా ఆ గదిలోనే ఉంటాయా నాన్నా?" అని యడిగినది. నాకు సమాధానము తోచలేదు. ఈ వ్యాసమును వ్రాయుటకు ఆ ప్రశ్నయే కారణము.

మన యుభయ తెలుగు రాష్ట్రములలోని ప్రతి ప్రభుత్వ ఉన్నత పాఠశాలయందును, ప్రతి జిల్లా పరిషత్తు పాఠశాలయందును ఒక బ్యాండు ఉండవలెను. ఉండుట మాత్రమే చాలదు, అది పదవ తరగతి ముగియువరకును సాగవలెను. దానిని నేర్పువారు మన యూళ్ళలోని బ్యాండు మేళపు మాష్టర్లు కావలెను. నేను కోరునది ఇంతమాత్రమే. ఇప్పుడును కొన్ని పాఠశాలలలో బ్యాండులు లేకపోలేదు. గణతంత్ర దినోత్సవ సందర్భమున ఢిల్లీలో పాఠశాలల బ్యాండులకు జాతీయస్థాయి పోటీలు జరుగుచున్నవి. ఇత్తడి బ్యాండులు, పైపు బ్యాండులు అని రెండు విధములు, వానిలో బాలురకు బాలికలకు వేరువేరు తరగతులు. కాని మన పాఠశాలలలో పెక్కింట బ్యాండు మంత్రిగారి రాకకు కట్టు మామిడితోరణము వంటిది. వారు కారెక్కిన వెంటనే దానితో పని తీరిపోవును.

చదువు చెడునన్న భయమున సంతకము చేసినవాడను గనుక ఆ భయము నాకు తెలియును. దానిని తేలికగా త్రోసివేయను. అయితే మన బిడ్డలకు మనము నేర్పుచున్న విద్య యంతయు ఒక్కటియే పాఠము చెప్పుచున్నదికదా: ప్రక్కవానికంటె ముందునకు పొమ్మని. ఊరి కూడలిలో నిలిపిన పెద్ద ఫలకముపై ర్యాంకులతో కూడిన ఛాయాచిత్రములు చూచి పెరుగు బాలునకు ప్రక్కవాడు అడ్డంకియే గాని తోడు కాడు. బ్యాండులో వరుసనుండి అంగుళము ముందునకు పోయినను తప్పే, వెనుకబడినను తప్పే. కుడివైపువాని భుజమును ఓరకంట చూచుకొనుచు తన చుక్కపై తాను నిలుచుటయే అచ్చట ప్రజ్ఞ. ఒక్క చుక్క తప్పినచో ముగ్గంతయు చెడునని తెలిసినవానికి తానెంత ముఖ్యుడో, తానొక్కడే ఎంత అల్పుడో రెండును ఒక్కసారిగా తెలిసివచ్చును. ఈ రెంటిని కలిపి నేర్పు పాఠ్యపుస్తకమును నేనింతవరకు చూడలేదు. తరగతిలో చిట్టచివరి బల్లమీద కూర్చుండి, ఎవ్వరును పేరుపెట్టి పిలువని పిల్లవాడు పెద్ద డ్రమ్ము మెడకు తగిలించుకొనిననాడు, వాని దెబ్బతోనే మొదటి ర్యాంకువాని కాలైనను లేవవలెను!

ఇది పరాయి సంగీతమనువారు కొందరుందురు. ముత్తుస్వామి దీక్షితులంతటివారు మదరాసులో కుంఫిణీ సైనిక బ్యాండులు వాయించు స్వరములను విని, వానికి సంస్కృత సాహిత్యము కూర్చి, నొట్టుస్వరములను పేర సుమారు నలుబది కృతులు రచించిరి. బ్రిటిషువారి రాజగీతపు స్వరమునే 'సంతతం పాహిమాం' అను దేవీస్తుతిగా మలచిన మహానుభావుడాయన. విన్నది మంచిదైనచో తనది చేసికొనుటకు ఆ శిష్టునకు అడ్డురాని ఆచారము మనకెందుకు అడ్డురావలెను? ఇక వాద్యములందురా, మీరట్ నగరములో 1885లో నెలకొన్న నాదిర్ అలీ వారి సంస్థ మొదలుకొని ఎందరో పనివారు తరతరములుగా బాకాలను, బ్యూగిళ్ళను చేతులతో సాగగొట్టి దేశమంతటికిని పంపుచున్నారు. మన పెండ్లివీథిలో క్లారినెట్టుపై అన్నమయ్య పదము వినని తెలుగువాడెవడు?

ధనవ్యయమును గూర్చి మాత్రము అమెరికావారినుండి మనము నేర్వవలసినది వేరు. నేడు ఆ దళములలో చేరుటకు ఒక్కొక్క విద్యార్థియు వేల డాలర్లు చెల్లింపవలెను. బస్సులు, లారీలు, దుస్తులు, శిక్షకులు, అన్నియు వ్యయసాధ్యములే. ఒకప్పుడు దేశమంతట వందలకొలది యుండిన దళములు నేడు చాల కొద్ది మాత్రమే మిగిలినవి. శిఖరము ఎంత ఎత్తునకు పోయినదో, పేదవాని కుర్రవాడు దానికంత దూరమైనాడు. అందుచేత ఆ శిఖరమును చూచి మురిసి దానిని మన యూళ్ళకు తెచ్చి నిలుపవలెనని నేననను. నేను మొదట మనవిచేసిన వేళ్ళనే మనము తెచ్చుకొనవలెను: సాయంకాలము, వీథి, ఊరక తిరుగు కుర్రవాడు, వానికొక డ్రమ్ము నిచ్చు పెద్దమనిషి.

ఆ పెద్దమనిషి మన యూరనే ఉన్నాడు. మనము వానిని ఊరేగింపునకు ముందు నడిపింతుము, పంక్తిలో చివర కూర్చుండబెట్టుదుము. గుండెలు పగుల వాయించిన పిదప, సగము రాత్రివేళ, మిగిలిన బాడుగ కొఱకు పెండ్లివారి వాకిట నిలిచియుండు మేళమువారిని నేనెన్నో పర్యాయములు చూచితిని. ఇప్పుడు వారి చోటును లారీలపై పేర్చిన డీజే పెట్టెలు ఆక్రమించుచున్నవి. ఆ పెట్టెలకు అన్నము పెట్టనక్కరలేదు, అవి అలసిపోవు. ముహూర్తములున్న నెలలలోనే మేళమువారికి పని. మూఢము వచ్చినను, ఆషాఢము వచ్చినను, శూన్యమాసము వచ్చినను వారు ఆటోలు నడుపుదురు, గోడలకు సున్నము వేయుదురు. స్వరమును చదువగలిగిన చేతులు, నడచుచు వాయించుటలో నలుబదియేండ్లు పండిన చేతులు, ఏడాదిలో సగము దినములు సున్నపు కుంచె పట్టుకొనియుండగా, ప్రక్క వీథిలోని పాఠశాలలో డ్రమ్ములు తాళము వేసిన గదిలో ఎలుకల పాలగుచున్నవి. ఈ రెంటి నడుమ దూరము రెండు ఫర్లాంగులు. నెలకు కొంత గౌరవవేతనమిచ్చి, మాష్టారుగారూ అని పిలిచి, సాయంకాలము గంటసేపు పిల్లలను అప్పగించిన చాలును. సర్కారు ఉత్తర్వు వెలువడువరకు వేచియుండనక్కరలేదు. ప్రధానోపాధ్యాయుడు, తల్లిదండ్రుల సంఘము, ఊరిలో నలుగురు వర్తకులు తలచుకొనినచో రేపే మొదలిడవచ్చును. కాంటన్ పట్టణములో బ్లూకోట్స్‌ను కొందరు పెద్దలే మొదలుపెట్టిరి. వారికి సాధ్యమైనది మనకు అసాధ్యము కాదు.

గడచిన ఆషాఢమున నేనొక బ్యాండు మాష్టారి దుకాణమునకు పోయి ఈ సంగతియే ముచ్చటించితిని. ఇరుకైన గది, గోడపొడవున మేకులకు తగిలించిన బంగారపు జరీ కోటులు, ప్లాస్టిక్ సంచులలో కుచ్చుటోపీలు, బల్లమీద బయానాలు వ్రాసికొను పుస్తకము, అందులో ఆ నెల పుటలన్నియు తెల్లగా నున్నవి. ఆయన అరువది దాటినవాడు. నేను చెప్పినదంతయు విని, వెంటనే ఏమియు అనక, గోడనున్న యుఫోనియమును దించి, దానికి చుట్టిన పాత పంచెను విప్పి, మూతిని అరచేతితో తుడిచెను. "పని లేకపోయినా రోజూ సాయంత్రం అరగంట వాయిస్తానండి బాబుగారూ. వేళ్ళు మర్చిపోవు, పెదవి మర్చిపోద్ది. వారం రోజులు వదిలేశామంటే మళ్ళీ మన మాట వినదు" అనెను. పిల్లలకు నేర్పుదురా అని యడిగితిని. "పంపించేవాళ్ళుంటే నేర్పకేమండి" అని, వాద్యమును చంకనిడుకొని దుకాణపు ముందరికి వచ్చి, మెట్టుమీద నిలిచి, ఊపిరి నిండ పీల్చి, ఒక్కటే స్వరమును, వంకర లేక, వణుకు లేక, మెల్లమెల్లగా పెంచుచు, మెల్లమెల్లగా తగ్గించుచు చాలసేపు పట్టి వాయించెను. అప్పుడే ట్యూషనుకు పోవుచు, వీపున బరువైన సంచులతో సైకిళ్ళపై వచ్చుచున్న నలుగురైదుగురు పిల్లలు, ఎవ్వరును చెప్పకయే, ఒక్కొక్క కాలు నేలకానించి నిలిచిరి. వారిలో ఒకతె చేతిగడియారము చూచుకొనినది, చూచుకొనియు కదలలేదు.